మట్టి గణపతి: పెట్టె కిట్ కొనాలా, కుమ్మరి దగ్గర ముద్ద తేవాలా?

వినాయక చవితికి రెండు మూడు వారాల ముందు నుంచే ఆన్‌లైన్‌లోనూ సూపర్ మార్కెట్లలోనూ మట్టి గణపతి పెట్టెలు వరసగా కనబడతాయి. పెట్టెలో సాధారణంగా కిలో మట్టిపొడి, ప్లాస్టిక్ అచ్చు, చెక్క పుల్ల, నాలుగు రంగు పొట్లాలు, తులసి గింజలు, నీళ్ళు పోస్తే ఉబ్బే కొబ్బరిపీచు బిళ్ళ ఉంటాయి. దానికి పోటీగా మరో మూడున్నాయి: కుమ్మరి దగ్గర దొరికే పచ్చిమట్టి ముద్ద, బజార్లో చేసిపెట్టిన మట్టి బొమ్మ, లోపల గింజలు పెట్టిన విత్తన గణపతి. భార్యాభర్తలూ పిల్లలూ కలిసి కూర్చుని చేసుకునే పూజకు ఈ నాలుగింట్లో ఏది పనికొస్తుందో చూశాం. మా మాట ముందే చెప్పేస్తాం. మొదటి స్థానం పచ్చిమట్టి ముద్దది. పెట్టె కిట్‌ది రెండోది, అదీ కొన్ని సవరణలతో. విత్తన గణపతిని మాత్రం గింజల మీద ఆశతో కొనకండి.

వ్రతకథలో అమ్మవారు నలుగుపిండితో బిడ్డను తన చేత్తో చేసుకుంటుంది. ఆ బిడ్డే తర్వాత తల్లిదండ్రుల చుట్టూ ప్రదక్షిణం చేసి గణాధిపత్యం అందుకుంటాడు. పిల్లలు ఈ కథ వినేసరికి వాళ్ళ చేతులకు రెండు రోజులుగా మట్టి అంటి ఉంటే, ఆ వినికిడే వేరుగా ఉంటుంది. అందుకే ఏ బొమ్మ అందంగా ఉందన్నది మేం పెద్దగా లెక్కలోకి తీసుకోలేదు. చేసేటప్పుడు ఎంతమంది చేతులు పడతాయి, నీళ్ళలో వేశాక ఏమవుతుంది, ఈ రెండే చూశాం.

ముందు పెట్టె సంగతి. కిలో పొడికి సుమారు 300 నుంచి 350 మి.లీ. నీళ్ళు పడతాయి. ఒక్కసారే పోస్తే జావ అయిపోతుంది. మొదట పావు లీటరు పోసి కలిపి, ఆపైన చెంచా చెంచా చేర్చాలి. కలిపిన వెంటనే బొమ్మకు దిగొద్దు. తడిగుడ్డ కప్పి ఒక రాత్రి వదిలేస్తే నీరు ప్రతి రేణువుకూ అందుతుంది, మట్టి సాగుతుంది. పిల్లలు ఆత్రపడి అప్పుడే మొదలుపెడితే తొండం వంచగానే చీలుతుంది, మట్టి మంచిది కాదన్న చెడ్డపేరు వస్తుంది. కిలో పొడితో ఆరంగుళాల గణపతి వస్తాడు, అంతకు మించి ఆశించొద్దు.

ప్లాస్టిక్ అచ్చు ఈ పెట్టెలో బలహీనమైన భాగం. చెక్క అచ్చు అయితే కొంత తడి పీల్చుకుంటుంది కాబట్టి మట్టి కాసేపటికి తనే వదులుతుంది. ప్లాస్టిక్ పీల్చదు. అందుకే బొమ్మ ఊడదు, ఊడితే ముఖం అచ్చులోనే ఉండిపోతుంది. దీనికి విరుగుడు ఉంది. అచ్చు లోపల చుక్క నూనె పలచగా రాసి, జల్లించిన బూడిద చల్లి, ఎక్కువైంది దులిపేయాలి. మామూలుకంటే కాస్త గట్టి మట్టిని మూలల్లోంచి మొదలుపెట్టి నొక్కి, పావుగంట ఆగి తీయాలి. అసలు అచ్చు లేకుండా చేత్తో చేయడమే మా సలహా. పొట్టకు పెద్ద ఉండ, తలకు దానిలో సగం, కాళ్ళకూ చేతులకూ నాలుగు కడ్డీలు, రెండు చేటల చెవులు, ఒక తొండం. అచ్చులో అయితే ఒక్కరి పనే. ఇలాగైతే నలుగురికీ తలో పని దొరుకుతుంది.

రంగు పొట్లాలు పొడి రూపంలో ఉంటే వాడుకోవచ్చు. సీసాలో చిక్కటి ద్రవంగా ఉండి, ఆరాక గోరుతో గీరితే పొరలా లేచేవి అక్రిలిక్ రంగులు. అవి వద్దు. ఆ పొర నీటిని మట్టిలోకి వెళ్ళనివ్వదు, నిమజ్జనంలో బొమ్మ కరగకుండా నిలబడిపోతుంది. పసుపు, జాజు, బియ్యప్పిండి, బొగ్గుపొడి చాలు.

పిల్లల పెట్టె అని రాసి ఉన్నా, లోపలి మట్టి ఏమిటో చదివి కొనండి. 'ఎయిర్ డ్రై క్లే' పేరుతో వచ్చే తెల్లటి మెత్తటి ముద్దల్లో చాలావాటికి జిగురు కలుస్తుంది. ఆరితే గట్టిపడతాయి, నీళ్ళలో మట్టిలా విడవు. కాల్చిన టెర్రకోట బొమ్మ అసలే కరగదు. అది ఏళ్ళ తరబడి పూజగదిలో ఉంచుకునేందుకే.

ఇక కుమ్మరి మట్టి. అడిగేటప్పుడు 'సారె (కుమ్మరి చక్రం) మీదకు నలిపిన మట్టి' అని అడగండి. అప్పుడు రాళ్ళు ఏరి, తొక్కి సిద్ధం చేసినది ఇస్తారు. ఎనిమిదంగుళాల విగ్రహానికి రెండు, రెండున్నర కిలోలు. మంచిదో కాదో చూడటం తేలిక. పెన్సిల్ లావు కడ్డీ చేసి వేలికి చుట్టండి. పగుళ్ళు రాకుండా తిరిగితే బొమ్మకు పనికొస్తుంది. పగిలితే తడి తక్కువ, లేదా ఇసుక ఎక్కువ. ఈ ముద్దకు ఒక పిడికెడు కొబ్బరిపీచు పొట్టు కలిపి, పీట మీద కొడుతూ ఇరవై నిమిషాలు పిసకాలి. లోపలి గాలి పోవడానికే ఆ కొట్టడం. గాలి బుడగ మిగిలితే ఆరేటప్పుడు అక్కడే బీట పడుతుంది.

అతుకుల దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. చెవిని తల మట్టికి ఊరికే నొక్కితే రెండో రోజుకు ఊడి కింద ఉంటుంది. అతికే రెండు చోట్లా పుల్లతో అడ్డదిడ్డంగా గాట్లు పెట్టి, పలచటి మట్టి గుజ్జు పూసి, నొక్కి, చుట్టూ వేలితో రాసి కలిపేయాలి. ఉత్త నీళ్ళతో అతికితే నిలవదు. తొండానికి ఆసరా కావాలంటే ఒక టూత్‌పిక్ చాలు. ఇనుప తీగ పెట్టొద్దు. మట్టి ఆరుతూ కుదించుకుంటుంది, తీగ కుదించుకోదు, తొండం నిలువునా చీలుతుంది.

బొమ్మ కాస్త గట్టిపడ్డాక, అంటే నొక్కితే దిగకుండా గోరుతో గీత మాత్రం పడే దశలో, జాగ్రత్తగా పడుకోబెట్టి అడుగు నుంచి చెంచాతో లోపలి మట్టి తోడేయండి. గోడ ఒకటిన్నర సెంటీమీటర్లు మిగిలితే చాలు. ఎవరూ చెప్పని పని ఇదే, అన్నిటికంటే ముఖ్యమైనదీ ఇదే. భాద్రపదపు ముసురులో నిండు ముద్ద లోపల వారమైనా ఆరదు. బోలుగా చేసినది నీడలో నాలుగు రోజులకు ఆరుతుంది. ఎండలో పెట్టొద్దు. సన్నటి చెవులు ముందు ఆరి కుదించుకుంటే, తడిగా ఉన్న తల వాటిని లాగి పగలగొడుతుంది. మొదటి రెండు రోజులు చెవులకూ తొండానికీ తడిగుడ్డ చుట్టి ఉంచండి. ఆరేసరికి ఎనిమిదంగుళాల విగ్రహం ఓ అరంగుళం తగ్గుతుంది. పీట, పాలవెల్లి ఎత్తు చూసుకునేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

కళ్ళకు గురివింద గింజలు పెట్టడం మన దగ్గర పాత అలవాటు. చిన్నపిల్లలున్న ఇంట్లో అది మానండి. గురివింద గింజ నమిలితే ప్రాణం మీదికొస్తుంది. మిరియాలో మినుములో పెట్టుకోవచ్చు.

ఏ పిల్లకు ఏ పని అన్నది ముందే అనుకుంటే గొడవ తగ్గుతుంది. ఐదేళ్ళ లోపు వాళ్ళకు ఉండ్రాళ్ళూ మూషికమూ. ఆరు నుంచి తొమ్మిదేళ్ళ వాళ్ళకు చెవులూ తొండమూ. ఆపైవాళ్ళకు ముఖం. నలభై నిమిషాలకు మించి కూర్చోబెట్టొద్దు, మిగతాది మర్నాటికి తడిగుడ్డ కింద ఉంచొచ్చు. ఒక చెవి పెద్దదైతే పెద్దదిగానే ఉండనివ్వండి. పిల్ల నిద్రపోయాక నాన్న కూర్చుని దాన్ని సరిచేస్తే, పొద్దున్నే ఆ పిల్లకు తెలిసిపోతుంది.

చవితి ఉదయం చాలా ఇళ్ళలో సాగేది ఒకటే తీరు. ఆమె తెల్లవారుజాము నుంచి పొయ్యి దగ్గర, ఆయన పత్రి కోసం బజార్లో, పిల్లలు టీవీ ముందు. సంకల్పంలో 'ధర్మపత్నీ సమేతస్య' అని పలికే వేళకు ఆమె ఉండ్రాళ్ళ ఆవిరి చూసుకుంటూ ఉంటుంది. మట్టి ముద్ద ఈ తీరును కొంత మారుస్తుంది, ఎందుకంటే పని ఐదారు రోజుల ముందే మొదలవ్వాలి. ఆరు రోజుల ముందు సాయంత్రం ఆయన మట్టి పిసకాలి, దానికి చేతి బలం కావాలి. మర్నాడు అందరూ కలిసి చేయాలి. ఆ మర్నాడు ఇద్దరూ కలిసి లోపలి మట్టి తోడాలి. ఒకరు పట్టుకోనిదే ఇంకొకరికి సాగని పని అది. పనిలో పనిగా వంటనూ పంచుకోండి. గ్లాసు బియ్యపు రవ్వకు రెండు గ్లాసుల నీళ్ళు, నానబెట్టిన శనగపప్పు రెండు చెంచాలు. ఉండ్రాళ్ళు చుట్టడం పిల్లలు కూడా చేయగలరు, మట్టితో అప్పటికే నేర్చుకుని ఉంటారు.

తీరిక లేనివాళ్ళు బజారు బొమ్మే తెచ్చుకుంటారు, తప్పేం లేదు. అయితే మట్టి పేరుతో ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ అంటగట్టకుండా చూసుకోవాలి. రంగు వేయని అడుగు భాగాన్ని తడివేలితో రుద్దండి. మట్టి అయితే వేలికి బురద అంటుతుంది, ప్లాస్టర్ అయితే అంటదు. గీరితే తెల్లటి పొడి రాలుతుంది, చేతిలో తేలిగ్గానూ ఉంటుంది. ప్లాస్టర్ విగ్రహాలు, థర్మాకోల్, ఒక్కసారి వాడి పడేసే ప్లాస్టిక్ వద్దని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020 మేలో సవరించిన మార్గదర్శకాల్లోనే చెప్పింది. హైదరాబాద్‌లో ప్రభుత్వ సంస్థలు ఉచితంగా మట్టి ప్రతిమలు పంచుతున్నాయి, అవి బాగానే ఉంటాయి. 1954లో ఒక్క అడుగు విగ్రహంతో మొదలైన ఖైరతాబాద్ గణపతినే 2022లో 50 అడుగుల ఎత్తున మట్టితో నిలబెట్టారు. ఇంట్లో ఎనిమిదంగుళాలకు మట్టి నిలవదన్న సాకు ఇక చెల్లదు.

విత్తన గణపతి ఆలోచన మంచిదే, పనితీరే నిరాశ. తడి మట్టిలో పొదిగిన గింజ నీరు తాగి అక్కడే ఉబ్బుతుంది. కొన్ని పూజకు ముందే మొలకెత్తి విగ్రహాన్ని చీలుస్తాయి, కొన్ని కుళ్ళుతాయి. మిగిలినవి నిమజ్జనం తర్వాత బంకమట్టి అడుగున పడతాయి. తులసి గింజ ఆవగింజకంటే చిన్నది, పైపైన చల్లితేనే మొలుస్తుంది. ఉత్త బంకమట్టి ఆరితే పెచ్చుకడుతుంది, తడిస్తే నీరు దిగదు, వేరుకు గాలి అందదు. మొక్క కావాలంటే గింజలు విడిగా ఉంచుకోండి. కరిగిన మట్టి ఒక వంతుకు తోటమట్టి, కంపోస్టు కలిపి మూడు వంతులు చేర్చి, కుండీ అడుగున చిల్లు ఉందో లేదో చూసి, పైన గింజలు చల్లి వేళ్ళతో మట్టి పలచగా రాల్చండి. వారం నుంచి రెండు వారాల్లో మొలకలొస్తాయి.

పత్రి విషయంలో ఒక హెచ్చరిక. ఇరవై ఒక్క పత్రాల్లో ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు ఉన్నాయి. మూడూ విషపు మొక్కలే. జిల్లేడు పాలు కంట్లో పడితే ప్రమాదం. పూజ చేసిన పిల్లలు చేతులు కడుక్కున్నాకే ప్రసాదం తినాలి. పూజ అయ్యాక పత్రిని ఆవుకు పెట్టే ఇళ్ళున్నాయి. గన్నేరాకు పశువుకు ప్రాణాంతకం, దయచేసి ఆ పని చేయకండి. కంపోస్టు గుంతలో వేయండి.

ఉద్వాసన చెప్పాక పూలు, పత్రి, వస్త్రం తీసేసి, విగ్రహం మునిగేంత నీళ్ళున్న బకెట్‌లో మెల్లగా దించండి. కదపొద్దు, కలపొద్దు. ఇక్కడొక చిత్రం ఉంది: బాగా ఆరిన మట్టే తొందరగా కరుగుతుంది. ఎండిన మట్టి నీటిని ఒక్కసారిగా పీల్చి పొరలు పొరలుగా విడిపోతుంది, పిల్లలు చూస్తుండగానే బుడగలు లేస్తాయి. లోపల తడి మిగిలిన మట్టి మాత్రం రెండు రోజులైనా ముద్దగానే కూర్చుంటుంది. ముందు రోజు చేసిన గణపతి బకెట్‌లో కరగలేదన్న ఫిర్యాదుకు కారణం ఇదే. బోలుగా చేసి ఆరబెట్టినది రాత్రికి రాత్రి అడుక్కు చేరుతుంది.

అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న తెలుగువాళ్ళకూ ఇదే పద్ధతి. కుండలు చేసేవాళ్ళకు అమ్మే దుకాణంలో నీటితో కలిపిన కుమ్మరి మట్టి అడగండి. పాలిమర్ క్లే మాత్రం వద్దు, అది నీటిలో ఎప్పటికీ కరగదు.

పొద్దున పైన తేరిన నీళ్ళు చెట్టుకు పోయండి. బురదను సింకులోనో బాత్రూం తూములోనో వంపితే గొట్టం పూడుకుపోతుంది. ఉద్వాసన అయ్యాక అది మట్టే కాబట్టి దాచుకోవడానికి సందేహించక్కర్లేదు. పాత నూలు గుడ్డ మీద పరచి, అందులో చిక్కుకున్న పూరేకులు ఏరి, ముద్ద కట్టే దశకు వచ్చాక బిళ్ళలు చేసి ఎండబెట్టి గోనెసంచిలో వేయండి. వచ్చే ఏడాది వారం ముందు బిళ్ళలను చితక్కొట్టి ఒక రాత్రి నానబెడితే అదే మట్టి మళ్ళీ పీట మీదకొస్తుంది. తరిగినంత మేర కుమ్మరి దగ్గర మరో అరకిలో తెచ్చుకుంటే సరిపోతుంది.