విల్లుతో ఎల్క్ వేటకు ఏ వారం మంచిది? కొలరాడోలో మూడు సెప్టెంబర్లు

2023 సెప్టెంబరు 3, సాయంత్రం ఏడు గంటలు. పశ్చిమ కొలరాడోలోని గ్రాండ్ మేసా అనే బల్లపరుపు కొండ మీద ఓ నీటిగుంట పక్కన, స్ప్రూస్ చెట్టు మొదట్లో కూర్చుని ఉన్నాను. ఒక ఆడ ఎల్క్ (పెద్ద జాతి జింక) నీళ్లకు వచ్చింది. పాతిక గజాల దూరం. పక్కకు తిరిగి నిలబడింది, గాలి నా మొహానికి కొడుతోంది. విల్లు లాగి పట్టుకున్నాను. బాణం వదలకుండానే మెల్లగా దించేశాను.

ఎండే కారణం. పది వేల అడుగుల ఎత్తులో కూడా ఆ మధ్యాహ్నం చొక్కా వీపుకి అంటుకుపోయింది. నేనొక్కణ్నే, బండి నాలుగు మైళ్ల అవతల ఉంది. ఆడదైనా 150 పౌండ్ల మాంసం ఉంటుంది, అంటే వీపు మీద వేసుకుని మూడు నాలుగు విడతలు నడవాలి. గుర్రాల మీద మాంసం దించే ఆయనకు ముందే ఫోన్ చేస్తే, ఆ వారం రెండు రోజులైతే గానీ రాలేనన్నారు. ఎల్క్ తోలు దుప్పటిలా దళసరి. వెంటనే ఒలవకపోతే తొడ ఎముక దగ్గర నుంచి మాంసం పాడవడం మొదలవుతుంది. తినదగ్గ మాంసాన్ని అడవిలో వదిలేస్తే కొలరాడోలో నేరం. చట్టం సంగతి అటుంచి, అంత పెద్ద ప్రాణిని చంపి సగం పారేయడం నా వల్ల కాదు.

ఆ సాయంత్రం నుంచి నేను తేదీ చూసుకునే పద్ధతే మారిపోయింది. ఎల్క్ ఎప్పుడు దొరుకుతుంది అనేదాని కంటే, దొరికాక చెడకుండా ఇంటికి తేగలనా అనేది ముందు చూస్తున్నాను.

ఇక్కడ విల్లు సీజన్ సెప్టెంబరు 2 నుంచి 30 దాకా. ఒకే లైసెన్సు నెలంతా చెల్లుతుంది కాబట్టి వారం ఎంచుకోవడం మన చేతిలో పనే. రాష్ట్రంలో ఉండేవాళ్లకు చాలా యూనిట్లలో (వేట ప్రాంతాల్లో) ఆగస్టు నుంచి నేరుగా దొరుకుతుంది. డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో వచ్చే మనవాళ్లు మాత్రం గమనించాలి: 2025 నుంచి బయటి రాష్ట్రాలవాళ్లకు పశ్చిమ కొలరాడోలో అలా కొనే వీలు లేదు, డ్రాలో (లాటరీలో) పేరు రావాలి. దరఖాస్తుకు గడువు ఏప్రిల్ మొదటి మంగళవారం. 1949 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లందరికీ హంటర్ ఎడ్యుకేషన్ కార్డు తప్పనిసరి.

మొదటి వారం చెడ్డదని చెప్పను. ఎల్క్‌లు నీళ్లకీ మేతకీ రోజూ దాదాపు ఒకే దారిన వస్తాయి, ఇంకా బెదిరి ఉండవు. నీటిగుంట దగ్గర ఓపిగ్గా కూర్చోగలిగితే చాలు, ఎల్క్‌లా అరిచి దాన్ని రప్పించే పిలుపులు నేర్వకపోయినా ఫర్వాలేదు. గ్రాండ్ మేసా మీద 65వ నంబరు రోడ్డు వెంట చెరువులే చెరువులు, క్యాబిన్లూ ఉన్నాయి. కుటుంబంతో వెళ్లేవాళ్లకు ఇదే సుఖం. నేను లేబర్ డే (సెప్టెంబరు మొదటి సోమవారం) సెలవుల్లో వెళ్లాను కాబట్టి క్యాబిన్ కనీసం మూడు రాత్రులకు తీసుకోమన్నారు, ధరా ఎక్కువే. రోడ్ల మీద నాలుగు చక్రాల బళ్ల రొద. ఇంకోసారి వెళ్తే లేబర్ డే దాటాకే వెళ్తాను, తోడు లేకుండా మాత్రం వెళ్లను. దిగివచ్చేటప్పుడు పాలిసేడ్‌లో పీచ్ పళ్లు కొనుక్కోండి, ఆ రోజుల్లో వాటి తీపే వేరు.

2024లో నెల మధ్యలో, పగోసా స్ప్రింగ్స్ వైపు శాన్ వాన్ అడవికి వెళ్లాం. గుంటూరు తమ్ముడొకడు తోడొచ్చాడు. ఆ వారం నాకు అచ్చిరాలేదు, రెండు కారణాలు. ఒకటి, 14 నుంచి 22 దాకా మజిల్‌లోడర్ (గొట్టం మూతి నుంచి మందు కూరే) తుపాకులవాళ్ల సీజన్. ప్రతి దారి మొదట్లోనూ బళ్లు బారులు తీరి ఉన్నాయి. రెండోది భాద్రపద పౌర్ణమి. 17 రాత్రి కొండ పిండారబోసినట్టుంది. మగవి రాత్రంతా బ్యూగిల్ ఊదినట్టు అరుస్తూనే ఉన్నాయి, తెల్లారేసరికి ఒక్కటీ పలకలేదు. చంద్రుడి ప్రభావం మీద వేటగాళ్లు ఒక మాట మీద ఉండరు. నాకు కనిపించింది మాత్రం ఇదే. పంచాంగం ఇంట్లోనే ఉన్నా చూసుకోకుండా సెలవు పెట్టినందుకు బాధపడ్డాను.

బస ఆ ఏడాది మోటెల్లో. వేడినీళ్ల స్నానం, పడుకోవడానికి మంచం బాగానే ఉన్నాయి. కానీ మూడింటికి లేచి, ముక్కాలు గంట బండి నడిపి, చీకట్లో కొండెక్కాలి. రాత్రి పదింటికి తిరిగొస్తే నిద్ర నాలుగు గంటలే. మూడో రోజుకు ఇద్దరం నీరసించిపోయాం. ఊళ్లో వేడినీటి ఊటలు కాళ్లకు మందులా పనిచేశాయి, ఆ మాట చెప్పాలి.

అసలు చెప్పాలనుకున్నది 2025 గురించి. అప్పుడు ముందే లెక్క వేశాను. సెప్టెంబరు 21 ఆదివారం పెత్రమాస, అంటే రాత్రికి చంద్రుడుండడు. మజిల్‌లోడర్ సీజన్ ముగిసేదీ ఆ రోజే. మర్నాడు విషువం, పగలూ రాత్రీ సమానం. ఎల్క్‌లు జతకట్టే రోజులు ఆ చుట్టుపక్కలే ఊపందుకుంటాయి. అన్నీ ఒకచోట కలిశాయి. అడ్డొచ్చింది బతుకమ్మ ఒక్కటే. ఎంగిలిపూల నాడు ఇంట్లోనే ఉన్నాను. "సద్దుల నాటికి ఇంట్ల ఉండాలె" అంది మా ఆవిడ. మాటిచ్చి సోమవారం పొద్దున యాంపా దారి పట్టాను.

యాంపా ఊరు దాటి బేర్ రివర్ వెంట పోతే స్టిల్‌వాటర్ రిజర్వాయర్ వస్తుంది, పది వేల అడుగుల పైన. అక్కడి నుంచి ఫ్లాట్ టాప్స్ వైల్డర్‌నెస్ అనే రక్షిత అడవి, 2,35,000 ఎకరాలు. లోపలికి ఇంజను బండే కాదు, మాంసం లాగే చక్రాల బండి కూడా రాకూడదు. కాళ్లో, గుర్రమో. అందుకే జనం పలచన. బేర్ రివర్ వెంట టెంటు వేశాం, సీసాల్లో నీళ్లు తెల్లారేసరికి గడ్డకట్టేవి. ఆ చలికి కట్టెల పొయ్యి ఉన్న గుడారం అద్దెకు తెచ్చుకోవాల్సిందనిపించింది. మూడు బసల్లో ఇదే కష్టం, ఇదే లాభం. లేచిన పది నిమిషాల్లో వేటలో ఉంటాం.

25వ తేదీ పొద్దున ఎండ తగిలే వరకూ గాలి కిందికి జారుతోంది. మేము పై అంచుకు చేరకుండా పక్కగా, దిగువనే ఆగాం. తమ్ముడు నా వెనక అరవై గజాల్లో ఆడ ఎల్క్ పిలుపు ఊదాడు. పై నుంచి జవాబొచ్చింది. ఛాతీలో తగిలే అరుపది, రికార్డింగులో విన్నదానికీ దానికీ పోలికే లేదు. ఒక్కో కొమ్ముకు ఐదేసి మొనలున్న మగది, తడి బురదతో, ఒళ్లంతా ఘాటైన వాసనతో ముప్ఫై గజాల్లోకి వచ్చి ఆగింది. బాణం జబ్బ వెనక, పక్కటెముకల్లో దిగింది. డెబ్బై గజాలు పరుగెత్తి పడిపోయింది. అరగంట ఆగి వెళ్లి, దాని మెడ మీద చెయ్యి వేసి కాసేపు కూర్చున్నాను. ఇద్దరం ఏమీ మాట్లాడలేదు.

తోలు ఒలిచి, తొడలూ జబ్బలూ వీపు కండా బట్ట సంచుల్లో నీడన వేలాడదీశాం. రెండున్నర మైళ్లు, ఒక్కొక్కరికి మూడు విడతలు, రెండు రోజులు. రాత్రి మంచు కురిసింది, మాంసం చల్లని రాయిలా ఉంది. మాంసం కోసి ఇచ్చే షాపుకు ఆగస్టులోనే ఫోన్ చేసి పెట్టుకున్నాం. నెలాఖరులో చాలా షాపులు కొత్తవి తీసుకోవు, అందుకని వారం ఖాయమైన రోజే ఫోన్ చేయండి. గుర్రాలవాళ్లనైతే రాష్ట్ర లైసెన్సూ, ఫారెస్ట్ సర్వీసు పర్మిటూ ఉన్నాయా అని అడిగే మాట్లాడుకోండి.

చివరి వారానికీ లోటుంది. నెలంతా వేటగాళ్లను చూసిన ఎల్క్‌లు పిలుపు వింటేనే జంకుతాయి. మంచు పెద్దగా పడితే ఆ ఎత్తులో రోడ్డే మూసుకుపోవచ్చు. విల్లుతో వెళ్లినవాళ్లలో ఎక్కువ మంది ఏ వారమైనా ఉత్త చేతులతోనే తిరిగొస్తారు. అయినా దొరికిన మాంసంలో ఒక్క ముక్క కూడా పోకుండా ఇంటికి చేరింది ఈ వారంలోనే.

2026లో భాద్రపద పౌర్ణమి సెప్టెంబరు 26న పడింది. వెన్నెల రాత్రులే. అయినా చలికే ఓటు వేసి 21 సోమవారం నుంచి సెలవు పెట్టాను. తెల్లవారుజామున పలక్కపోతే, మధ్యాహ్నం అవి పడుకునే చీకటి స్ప్రూస్ గుంపుల అంచున, గాలి చూసుకుని కూర్చుంటాం.