గాంధీబొమ్మ సందులో డీటీపీ షాపు: చదివి మరీ టైపు చేసే మనుషులు

నెల్లూరులో తెలుగు టైపింగ్ ఎక్కడ బాగా చేస్తారని చాలామంది అడుగుతుంటారు. నాకు బాగా నచ్చిన షాపు ఒకటుంది. గాంధీబొమ్మ సెంటర్ దాటి ట్రంకు రోడ్డు మీద కొంచెం నడిస్తే ఒక మెడికల్ షాపు పక్కన సందు, ఆ సందులో మెట్లు. పైన బోర్డు మీద ‘డీటీపీ – జిరాక్స్ – బైండింగ్’ అని తప్ప పేరేమీ లేదు. ఆర్మీలో హవల్దారుగా చేసి రిటైరైన ఒకాయన నడుపుతున్నారు. టైపింగ్ ఆయన మేనకోడలు చేస్తుంది.

నేను హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యాను. హెల్పర్ ఉద్యోగమని నమ్మి రష్యా వెళ్లిన మన దేశపు కుర్రాళ్లు యుద్ధంలో ఇరుక్కుపోయారని 2024లో వార్తలు వచ్చినప్పుడు, నా పాత విద్యార్థులు కొందరు ఇంటికొచ్చి అడిగారు. తుపాకీ పట్టనంటే వాళ్లను ఏం చేస్తారు టీచర్, తప్పించుకుంటే ఎవరు రానిస్తారు అని. జవాబు వెతుకుతూ పోతే నోట్‌బుక్ నిండింది. యుద్ధం చేయనని వేరే దేశంలో తలదాచుకున్న సైనికుల మీద చిన్న పుస్తకం అయింది. దాన్నే ఇక్కడ టైపు చేయించి, నూరు కాపీలు వేయించాను.

ముందు ఇంకోచోట మొదటి అధ్యాయం ఇచ్చి చూశాను. ఒత్తులు ఎగిరిపోయాయి, విదేశీ పేర్లు పేజీకో రకంగా వచ్చాయి. ఇక్కడ అలా లేదు. డీటీపీకి వాడే అను ఫాంట్లలో చేసింది వాట్సాప్‌లోకి కాపీ చేస్తే అక్షరాలు గజిబిజి అవుతాయని వాళ్లే చెప్పి, ఫోన్లో కూడా సరిగ్గా కనిపించే యూనికోడ్ ఫైలు విడిగా ఇచ్చారు. పేర్లన్నీ ఒక కాగితం మీద రాసుకుని, పుస్తకం పొడవునా ఒకే తీరుగా ఉన్నాయో లేదో ఆ అమ్మాయి సరిచూసింది.

కెనడా పేజీ దగ్గర తను ఆగి ఫోన్ చేసింది. ‘‘మేడం, ఒకచోట 137–110 అని ఉంది, కింద 129–125 అని ఉంది. ఏది ఉంచమంటారు?’’ రెండూ ఉంచాలి. ఇరాక్ వెళ్లనని వచ్చేసిన అమెరికా సైనికులను కెనడాలో ఉండనివ్వాలని అక్కడి దిగువ సభ 2008 జూన్‌లో ఒకసారి, 2009 మార్చిలో మరోసారి తీర్మానం చేసింది. ఆ ఓట్లే అవి. ‘‘రెండుసార్లు ఓటేశాక కూడా ఎందుకు పంపేశారు మరి?’’ అని అడిగింది. అలాంటి తీర్మానానికి ప్రభుత్వం కట్టుబడాల్సిన పనిలేదు, అప్పటి ప్రధాని హార్పర్ ప్రభుత్వం పట్టించుకోలేదు. 2008 జూలైలోనే రాబిన్ లాంగ్‌ను తిప్పి పంపారు, అమెరికాలో 15 నెలల శిక్ష పడింది. కింబర్లీ రివెరాను 2012లో పంపారు. 10 నెలల శిక్ష వేస్తే, ఆ శిక్షలో ఉండగానే ఆమె బిడ్డను కన్నది. ‘‘మీరు నాకు చెప్పింది పుస్తకంలో లేదు మేడం, అది కూడా రాయండి’’ అంది. రాశాను. టైపింగ్‌కు ఇస్తే ఎడిటింగ్ కూడా జరిగింది, దానికి పైసా తీసుకోలేదు.

హవల్దారు గారు మాత్రం మొదటి ప్రూఫ్ చదివి ముఖం గంటు పెట్టుకున్నారు. ‘‘ఏంది టీచర్ గారూ ఇది! తనంతట తానే సంతకం పెట్టి, జీతం తీసుకున్నోడు పారిపోతే, వాడికి ఇంకో దేశం అన్నం పెట్టాల్నా?’’ అన్నారు. ఆయన మాటను నేను తేలిగ్గా తీసుకోలేదు. కెనడాలో ఈ సైనికులకు వ్యతిరేకంగా వాదించినవాళ్లు కూడా ఇదే అన్నారు. వియత్నాం యుద్ధకాలంలో వచ్చినవాళ్లలో చాలామందిని బలవంతంగా సైన్యంలోకి పిలిచారు, వీళ్లు ఇష్టపడి చేరినవాళ్లు కదా అని. 1969 మేలో ఇదే కెనడా, వలస వచ్చేవాళ్లను సైన్యం సంగతి అడగబోమని ప్రకటించింది. అంతకుముందే, ఇంట్రెపిడ్ అనే అమెరికా యుద్ధనౌక నుంచి 1967లో జపాన్‌లో దిగిపోయిన నలుగురు నావికులకు స్వీడన్ చోటిచ్చింది.

హవల్దారు గారి మాటకు జవాబుగా, జెరెమీ హింజ్‌మన్ అనే అమెరికా సైనికుడి పేజీ చదివి వినిపించాను. ఇష్టపడే చేరాడు. చంపడం తనవల్ల కాదని తెలిశాక, ఆర్మీలోనే ఉంటాను, ఆయుధం పట్టని పని ఇవ్వండని దరఖాస్తు పెట్టుకున్నాడు. అఫ్ఘానిస్తాన్‌లో వంటశాలలో పనిచేశాడు. ఆ దరఖాస్తు నిలవలేదు. ఇరాక్ వెళ్లమన్నప్పుడు, 2004 జనవరిలో, భార్యనూ పసిబిడ్డనూ తీసుకుని టొరంటో చేరాడు. 2005లో కెనడా శరణార్థి బోర్డు ఆశ్రయం కుదరదంది. 2007 నవంబరులో అక్కడి సుప్రీంకోర్టు కేసు వినడానికే ఒప్పుకోలేదు. మనిషి మనసు చేరినరోజు ఉన్నట్టే ఎప్పటికీ ఉండాలని ఏ చట్టమూ అడగకూడదని నేను గట్టిగా నమ్ముతాను. హవల్దారు గారితో అదే చెప్పాను.

హవల్దారు గారు కాసేపు పేజీలు తిప్పి, ‘‘ఆర్డరే తప్పయితే ఒక సంగతి. భయమేసి పోయినోడు వేరు’’ అన్నారు. నిజానికి ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ చేతిపుస్తకం కూడా ఆ తేడా చూస్తుంది. యుద్ధమంటే భయం, సైన్యమంటే అయిష్టం, ఇవే కారణాలైతే శరణార్థి కాడని అందులో ఉంది. చేయమన్న పని యుద్ధనేరం అయ్యేటట్టుంటే మాత్రం వాదన మారుతుంది. ఆండ్రే షెపర్డ్ అనే అమెరికా హెలికాప్టర్ మెకానిక్ జర్మనీలో ఆశ్రయం అడిగాడు. నేరుగా తుపాకీ పట్టని సిబ్బందికి కూడా ఈ రక్షణ వర్తించవచ్చని 2015లో ఐరోపా న్యాయస్థానం చెప్పింది. కానీ పంపే చోట యుద్ధనేరాలు జరిగే అవకాశం బలంగా ఉందని చూపాలి, సైన్యం వదలడం తప్ప వేరే దారి లేదని కూడా చూపాలి అంది. ఒంటరిగా పరాయి దేశంలో ఉన్న కుర్రాడు అవన్నీ ఎక్కడి నుంచి తెచ్చి చూపిస్తాడు? ఈ పుస్తకంలో నన్ను ఎక్కువ బాధపెట్టిన అధ్యాయం అదే.

హవల్దారు గారు మెత్తబడింది మిజోరం పేజీలో. ఆయన ఆ వైపు పనిచేశారట. మయన్మార్ సరిహద్దులోని టియావు నది ఎండాకాలంలో నడిచి దాటొచ్చని గుర్తు చేసుకున్నారు. 2021 ఫిబ్రవరిలో మయన్మార్ సైన్యం అధికారం లాక్కున్నాక, నిరసన చేసే జనం మీద కాల్చమంటే కాల్చలేమని కొందరు పోలీసులు మార్చిలో సరిహద్దు దాటి వచ్చారు. ఎనిమిదిమందిని తిప్పి పంపమని మిజోరంలోని చాంఫాయ్ జిల్లా అధికారికి అవతలి నుంచి ఉత్తరం వచ్చింది. వచ్చేవాళ్లను ఆపమని మన హోంశాఖ అంది. 1951 శరణార్థుల ఒప్పందంపై మన దేశం సంతకం చేయలేదు, అందుకని చట్టపరంగా వాళ్లకు పట్టు తక్కువ. అయినా అప్పటి మిజోరం ముఖ్యమంత్రి జోరంథంగా ప్రధానికి ఉత్తరం రాశారు, మిజోరం జనం ఇళ్లలో పెట్టుకున్నారు. ‘‘సొంత జనం మీద కాల్చమంటే నేను మాత్రం కాలుస్తానా’’ అన్నారు హవల్దారు గారు. ఆ వెంటనే, ‘‘మనోళ్లది ఒక్కటీ లేదే ఇందులో?’’ అని చంద్రసింగ్ గఢ్వాలీ గురించి ఆయనే చెప్పారు. 1930 ఏప్రిల్ 23న పెషావర్‌లో నిరాయుధుల మీద కాల్చమంటే గఢ్వాల్ రైఫిల్స్ జవాన్లు కాల్చలేదు. వాళ్లు ఏ దేశానికీ పోలేదు, కోర్టు మార్షల్ ముందు నిలబడ్డారు. గఢ్వాలీ 1941 దాకా జైల్లోనే ఉన్నారు. ఆ పేజీని పుస్తకం చివర్లో చేర్చాం. హింజ్‌మన్ విషయంలో ఆయన అభిప్రాయం మారలేదు, మారలేదనే నాతో చెప్పారు. ఆయనతో మళ్లీ వాదించాలని ఉంది.

ఇక లోపాలు. కవరు రంగు మొదటిసారి వెలిసినట్టు వచ్చింది, అడిగితే మళ్లీ వేసిచ్చారు. కరెంటు పోతే పని ఆగుతుంది, ఇన్వర్టర్ కంప్యూటర్‌కే సరిపోతుంది, ప్రింటర్‌కు చాలదు. మెట్లు నిటారుగా ఉంటాయి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కింద నుంచే ఫోన్ చేస్తే ఆ అమ్మాయి దిగి వచ్చి కాగితాలు తీసుకుంటుంది. బండి సందులో పెట్టకండి, మెయిన్ రోడ్డు మీదే ఆపుకోవాలి. హడావిడి పనులు ఒప్పుకోరు. పెళ్లిపత్రిక రేపటికి కావాలంటే వేరే చోటు చూసుకోండి.

టైపింగ్ పేజీకి 40 రూపాయలు, రెండు ప్రూఫులు అందులోనే. చిన్న పుస్తకానికి స్పైరల్ వద్దు, మధ్యలో పిన్ను కొట్టించండి, ఖర్చు తగ్గుతుంది, సంచిలో నలగదు. ఆదివారం సెలవు. చేతిరాత ఇచ్చేవాళ్లు ఒక పక్కే రాసి, పేజీ నంబర్లు వేసి తీసుకెళ్లండి.