చారిజార్డ్ డెక్‌లో నా మనసు దోచింది పిజియాట్: రెండేళ్ల వాడకం తర్వాత

పోకెమాన్ కార్డు ఆటలో చారిజార్డ్ ఎక్స్ డెక్ (ఒక్కో ఆటగాడు కూర్చుకునే అరవై కార్డుల కట్ట) పేరెత్తగానే అందరూ మంట గురించే మాట్లాడతారు. 330 హెచ్‌పీ, అంటే అంత దెబ్బ తట్టుకునే ప్రాణబలం; చేతిలోంచి దింపి ఎవాల్వ్ చేయగానే, అంటే కింది రూపాన్ని పై రూపానికి మార్చగానే, డెక్‌లోంచి వచ్చి అతుక్కునే మూడు ఫైర్ ఎనర్జీలు (దాడికి కావలసిన కార్డులు); ఎదుటివాళ్లు ప్రైజులు (మొదట్లో పక్కన పెట్టి, ఎదుటి పోకెమాన్‌ను పడగొట్టినప్పుడల్లా తీసుకునే కార్డులు, అన్నీ తీసుకున్నవాళ్లదే గెలుపు) తీసుకుంటున్న కొద్దీ పెరిగే దెబ్బ. ఇవి ఆడేవాళ్లందరికీ తెలిసినవే కాబట్టి వదిలేస్తున్నాను. 2023 ఆగస్టులో ఆబ్సిడియన్ ఫ్లేమ్స్ సెట్ వచ్చినప్పటి నుంచి, ఇది రాస్తున్న 2025 దాకా, నేను ఈ డెక్‌తోనే ఆడుతున్నాను. దీన్ని వదలలేకపోవడానికి కారణం చారిజార్డ్ కాదు, దాని వెనక బెంచ్ మీద, అంటే దాడి చేయని పోకెమాన్‌లు ఉండే వరుసలో, కూర్చునే పిజియాట్ ఎక్స్. దాని ఎబిలిటీ (దాడి కాకుండా ఉన్న ప్రత్యేక శక్తి) పేరు క్విక్ సెర్చ్. నా ప్రతి టర్నులోనూ ఒకసారి డెక్ అంతా వెతికి, కావలసిన ఒక కార్డు చేతిలోకి తీసుకోవచ్చు. ఫలానా రకమే కావాలన్న షరతు లేదు, చేతిలోంచి ఏదీ పారేయనక్కర్లేదు.

రమ్మీ ఆడేవాళ్లు ఒక్కసారి ఊహించుకోండి. ప్రతి చేతికీ పేక మొత్తం తిరగేసి నచ్చిన ముక్క తీసుకోవచ్చంటే ఆ ఆట ఎలా ఉంటుంది? అదృష్టం పక్కకు తప్పుకుంటుంది. ఇక మిగిలేది ఏ ముక్క తీసుకోవాలన్న నిర్ణయం. నాకు ఈ ఆటలో నచ్చేది అదే. ఓడితే కార్డు రాక ఓడానని అనుకోవడం నాకు ఇష్టం ఉండదు. పిజియాట్ బెంచ్ మీద నిలిచిన ఆటల్లో ఆ మాట అనాల్సిన అవసరం దాదాపు రాలేదు.

దీనివల్ల డెక్ కూర్చే పద్ధతే మారిపోతుంది. మిగతా డెక్కుల్లో ముఖ్యమైన కార్డు సమయానికి చేతికి రావాలంటే మూడో నాలుగో పెట్టుకోవాలి. ఇక్కడ ఒక్కటి చాలు. సూపర్ రాడ్ ఒకటి, కౌంటర్ క్యాచర్ ఒకటి, స్టేడియం (ఆటగాళ్లిద్దరికీ వర్తించే స్థలం కార్డు) ఒకటి, ఇలా ఒంటి కార్డులతో డెక్ నింపుకోవచ్చు. వారం వారం ఆ ఒంటి కార్డులను మార్చుకుంటూ ఉండటం నాకు ఆటకంటే తక్కువ ఆనందమేమీ కాదు. మేమున్న డాలస్ శివారులో వారానికొక సాయంత్రం లీగు ఆడతాం. అక్కడికి ఎవరు ఏ డెక్ తెస్తున్నారో గమనించి, ఆదివారం మధ్యాహ్నం బల్ల మీద అరవై కార్డులూ పరచుకుని ఒకటి తీసి మరొకటి పెట్టడం నాకు అలవాటైపోయింది.

అయోనో కార్డు ఆడినప్పుడు పిజియాట్ విలువ ఇంకా బాగా తెలుస్తుంది. అయోనో పడితే ఇద్దరూ చేతిలోని కార్డులన్నీ డెక్ అడుగుకు పంపి, తమకు ఎన్ని ప్రైజులు మిగిలి ఉంటే అన్నే కార్డులు తీసుకోవాలి. ఎదుటివాళ్లకు ఒక్క ప్రైజే మిగిలినప్పుడు నేను అయోనో ఆడానంటే వాళ్లకు దక్కేది ఒక్క కార్డు. అదే దెబ్బ నాకు తగిలినా భయం లేదు. ఒక్క కార్డే మిగిలినా రెండోది నేను ఎంచుకున్నదే అవుతుంది. ఇద్దరం ఒకే సుడిలో పడ్డా ఒడ్డు నాకు కనిపిస్తూ ఉంటుంది. చివరి ప్రైజు దాకా వెనకబడి, అక్కడి నుంచి గెలిచిన ఆటలు నాకు చాలా ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం ఇలా వచ్చినవే.

2024 ఆగస్టులో ష్రౌడెడ్ ఫేబుల్ సెట్‌తో డస్క్‌న్వార్ అనే పోకెమాన్ వచ్చింది. దాన్ని మొదట నేను పట్టించుకోలేదు. తనను తాను నాకౌట్ చేసుకుని ఎదుటి పోకెమాన్ మీద 13 డ్యామేజ్ కౌంటర్లు, అంటే 130 దెబ్బ, పెట్టడం దాని పని. ఎదుటివాళ్లకు ఊరికే ఒక ప్రైజు ఇవ్వడం దేనికి అనిపించింది. కాగితం మీద లెక్క వేసుకున్నాక అర్థమైంది. చారిజార్డ్ దెబ్బ మొదట 180. ఎదుటివాళ్లు తీసుకున్న ప్రైజు ఒక్కోదానికి 30 కలుస్తుంది. డస్క్‌న్వార్ పేలగానే వాళ్లు ఒక ప్రైజు తీసుకుంటారు కాబట్టి చారిజార్డ్ దెబ్బ 210కి చేరుతుంది. 210కి 130 కలిపితే 340. అంటే ఎదుటివాళ్లు ఇంకా ఒక్క ప్రైజు కూడా తీసుకోని దశలోనే 320 హెచ్‌పీ డ్రాగాపల్ట్ ఎక్స్ ఒకే టర్నులో పోతుంది. 310 ఉన్న గార్డెవార్ ఎక్స్ పోతుంది. ఎదుట మరో చారిజార్డ్ ఉంటే 330, అదీ పోతుంది. 240 ఉన్న రేజింగ్ బోల్ట్ ఎక్స్‌కైతే ఒక మెట్టు కింది డస్క్‌లాప్స్ చాలు, 50కి 210 కలిస్తే 260. పైగా నేను ప్రైజుల్లో వెనకబడతాను కాబట్టి కౌంటర్ క్యాచర్ కూడా పనిచేస్తుంది, బెంచ్ మీద దాక్కున్నదాన్ని ముందుకు లాగవచ్చు. ఈ లెక్కకు కావలసిన ముక్కల్లో చేతిలో లేనిదాన్ని పిజియాట్ తెచ్చి పెడుతుంది. ఆ మొదటి వారాల్లో నేను లీగులో పొందిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది.

తర్వాత 2025 జనవరిలో ప్రిస్మాటిక్ ఎవల్యూషన్స్ సెట్‌తో బడ్యూ అనే పోకెమాన్ వచ్చింది. 30 హెచ్‌పీ ఉన్న చిన్న మొగ్గ. ఎనర్జీ అవసరం లేకుండానే దాడి చేస్తుంది. దెబ్బ పదే, కానీ తర్వాతి టర్నులో మనం చేతిలోంచి ఐటమ్ కార్డులేవీ (ఒక రకం సహాయ కార్డులు) ఆడలేం. రేర్ క్యాండీ ఐటమే. మధ్య మెట్టు దాటించి చార్మాండర్‌ను నేరుగా చారిజార్డ్‌గా, పిడ్జీని నేరుగా పిజియాట్‌గా మార్చేది ఆ క్యాండీయే. అది ఆగిపోతే ఈ డెక్‌కు ఊపిరి ఆడదు.

ఆ వసంతంలో ఒక లీగ్ కప్‌లో (స్థానిక పోటీ) జరిగిన ఆట చెప్పాలి. ఎదురుగా హైస్కూలు దాటిన కుర్రవాడు, డ్రాగాపల్ట్ డెక్. చెరొక ఆట గెలిచాం, మూడోది మిగిలింది. అతను నన్ను ముందు ఆడమన్నాడు. బడ్యూ ఉన్నవాళ్లు అదే కోరుకుంటారు, ఎందుకంటే ముందు ఆడేవాళ్లకు మొదటి టర్నులో దాడి ఉండదు. నాకు వచ్చిన చేయి మాత్రం చూడముచ్చటగా ఉంది. చార్మాండర్, చారిజార్డ్ ఎక్స్, పిజియాట్ ఎక్స్, రెండు రేర్ క్యాండీలు, ఒక బడ్డీ బడ్డీ పాఫిన్. చార్మాండర్‌ను ముందు నిలబెట్టి, పాఫిన్‌తో ఇంకో చార్మాండర్‌నీ పిడ్జీనీ బెంచ్ మీద దింపాను. రెండో టర్నులో చారిజార్డ్, పిజియాట్ రెండూ లేచి నిలుస్తాయి. ఇంతకంటే మంచి ఆరంభం ఈ డెక్‌కు ఉండదు.

అతను బడ్యూను పెట్టి దాడి చేశాడు. రెండో టర్నులో నా చేతిలో క్యాండీలు రెండూ ఉన్నాయి, చారిజార్డ్ ఉంది, పిజియాట్ ఉంది, ఒక్కటీ బల్ల మీదకు రాదు. మధ్య మెట్టు చేతితో ఎక్కిద్దామంటే చార్మీలియన్, పిజియాటో ఒక్కొక్కటే పెట్టుకున్న డెక్ అది. ఆర్వెన్ అనే కార్డు ఆడి డెక్ తిరగేశాను. పిజియాటో కనిపించలేదు. ప్రైజుల్లో పడి ఉంది. చార్మీలియన్ డెక్‌లోనే ఉంది, కానీ ఆర్వెన్ తెచ్చేది ఐటమ్‌ను, టూల్‌ను (పోకెమాన్‌కు తగిలించే కార్డు) మాత్రమే. అతను మళ్లీ బడ్యూతోనే కొట్టాడు. మూడో టర్నూ అలాగే గడిచింది. ఈలోగా బెంచ్ మీద అతని డ్రాగాపల్ట్ సిద్ధమైంది. దాని ఫాంటమ్ డైవ్ ముందున్నదానికి 200 కొట్టి, బెంచ్ మీద ఆరు కౌంటర్లు పంచుతుంది. ముందున్న చార్మాండర్ పోయింది, ఆ ఆరు కౌంటర్లూ పిడ్జీ మీద పెడితే అదీ పోయింది. ఒకే దాడికి రెండు ప్రైజులు. ఆ తర్వాత ఆట ఎక్కువసేపు సాగలేదు. క్విక్ సెర్చ్ నా చేతిలోనే ఉంది, మొదటి నుంచి చివరిదాకా చేతిలోనే ఉండిపోయింది. ఓటమికంటే అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఆ కుర్రవాడు మాత్రం చక్కగా ఆడాడు, లేచేముందు చేయి కలిపి వెళ్లాడు.

తర్వాతి కొన్ని వారాలు నేను ఈ ఒక్క చిక్కు మీదే గడిపాను. దొరికిన విరుగుడు టెక్నికల్ మెషీన్ ఎవల్యూషన్. స్కార్లెట్ అండ్ వయొలెట్ సెట్ల కాలం నుంచి టూల్ కార్డులు ఐటమ్‌ల లెక్కలోకి రావు కాబట్టి బడ్యూ దీన్ని ఆపలేదు. దీన్ని ముందున్న పోకెమాన్‌కు తగిలించి ఒక ఎనర్జీతో దాడి చేస్తే, బెంచ్ మీది రెండు పోకెమాన్‌లను డెక్‌లోంచే ఒక మెట్టు ఎక్కించవచ్చు. రెండో ఆటగాడిగా ఉంటే మొదటి టర్నులోనే ఆర్వెన్‌తో పాఫిన్, టెక్నికల్ మెషీన్ తెచ్చుకుని చార్మీలియన్‌నూ పిజియాటోనూ నిలబెట్టవచ్చు. ఆ తర్వాత బడ్యూ ఎన్నిసార్లు కొట్టినా నాకు అడ్డు లేదు, తర్వాతి టర్నులో చేతితోనే పై మెట్టు ఎక్కిస్తాను. అలా ఎక్కించినా చారిజార్డ్ మూడు ఎనర్జీలూ తెచ్చుకుంటుంది. ముందు ఆడాల్సి వచ్చినప్పుడు మాత్రం ఒక టర్ను ఆలస్యం తప్పదు, డ్రాగాపల్ట్ మీద ఆ ఒక్క టర్నే కొన్నిసార్లు ఆటను తేల్చేస్తుంది.

విరుగుడుకు చోటు కావాలి. చార్మీలియన్ ఒకటి పెరిగింది, పిజియాటో ఒకటి పెరిగింది, టెక్నికల్ మెషీన్‌కు చోటిచ్చాను. అంతమేరకు నేను మురిసిపోయిన ఒంటి కార్డులు తగ్గాయి. ఇప్పటి నా డెక్ 2024 నాటిదానికంటే గట్టిది, అప్పటంత స్వేచ్ఛ మాత్రం దీనిలో లేదు.

ఇక్కడ ఇంకో మాట చెప్పాలి. ఈ డెక్ ఆడితే ఏమీ చేయలేక చేతులు కట్టుకుని కూర్చోవడం ఉండదని నేను చాలామందికి చెప్పాను. 2025 ఏప్రిల్‌లో పాత కార్డులు స్టాండర్డ్ (పోటీల్లో అనుమతించే కార్డుల పరిధి) నుంచి తప్పుకున్నాక ఆ మాటను కొంచెం సవరించి చెబుతున్నాను. రోటమ్ వీ మొదటి టర్నులో మూడు కార్డులు ఇచ్చేది. ఫారెస్ట్ సీల్ స్టోన్ ఆటకొకసారి ఏ కార్డైనా తెచ్చేది, పిజియాట్ లేవకముందే పిజియాట్ చేసే పని చేసిపెట్టేది. అవి రెండూ వెళ్లాక, పిజియాట్ లేచేదాకా ఉండే ఆ మొదటి రెండు టర్నులు బరువుగా నడుస్తున్నాయి. లేచాక దానికి సాటి లేదన్న నా అభిప్రాయంలో మార్పు లేదు. లేచేదాకా తోడు నిలిచింది వేరే కార్డులన్న సంగతి అవి వెళ్లాకే తెలిసింది.

పిజియాట్ నోరు నొక్కే కార్డులూ ఉన్నాయి. 2024లో హొనొలులులో జరిగిన ప్రపంచ పోటీల్లో మాస్టర్స్ విభాగాన్ని గెలిచిన ఐరన్ థార్న్స్ ఎక్స్ అలాంటిదే. అది ముందు నిలబడి ఉన్నంతసేపు దాదాపు అన్ని ఎక్స్ పోకెమాన్‌ల ఎబిలిటీలూ ఆగిపోతాయి. 2025లో వచ్చిన టీమ్ రాకెట్స్ వాచ్‌టవర్ స్టేడియం రంగు లేని పోకెమాన్‌ల ఎబిలిటీలను ఆపుతుంది, పిజియాట్ ఆ కోవలోదే. స్టేడియంకు విరుగుడు మరో స్టేడియం, అది చేతిలో ఉండాలి అంతే.

వీటికంటే నన్ను నిజంగా ఇబ్బంది పెట్టేది గడియారం. మూడు ఆటల్లో రెండు గెలవాల్సిన రౌండుకు 50 నిమిషాలు. ప్రతి టర్నూ డెక్ వెతకాలి, మళ్లీ కలపాలి, ఎదుటివాళ్లకు కోయడానికి ఇవ్వాలి. మూడో ఆట మధ్యలో సమయం ముగిసి డ్రా అయితే మూడు పాయింట్ల చోట ఒక్కటే వస్తుంది. అందుకే ఏం తేవాలో ఎదుటివాళ్ల టర్నులోనే తేల్చుకునే అలవాటు చేసుకున్నాను. మా అబ్బాయి రేజింగ్ బోల్ట్ ఆడతాడు, వాడి రౌండు సగం సమయంలో అయిపోతుంది. వచ్చి నా బల్ల పక్కన నిలబడి, "నాన్నా, ఇంకా వెతుకుతున్నావా?" అంటాడు.

కొనాలా వద్దా అంటే అది ఎవరు ఎలా ఆడతారన్న దానిమీద ఉంటుంది. డబ్బు పెద్ద అడ్డంకి కాదు. చారిజార్డ్ పేరుకు భయపడేవాళ్లు, కార్డులు సేకరించేవాళ్లు వెంటపడే మెరుపు కార్డుల ధరలు చూసి భయపడతారు. ఆటకు మామూలు కార్డు చాలు, రెండూ బల్ల మీద చేసే పని ఒకటే. 2024లో 30 డాలర్ల ధరకు వచ్చిన చారిజార్డ్ ఎక్స్ లీగ్ బ్యాటిల్ డెక్‌లో చారిజార్డ్, పిజియాట్ రెండూ ఉన్నాయి. ఎక్కడైనా దొరికితే అక్కడి నుంచి మొదలుపెట్టవచ్చు, కాకపోతే దానిలో స్టాండర్డ్ దాటిపోయిన కార్డులేవో చూసుకుని మార్చుకోవాలి. నాలాగా వారానికి ఒక సాయంత్రం తీరిక ఉండి, నెలకో కప్ ఆడుతూ, ఒకే డెక్‌ను లోతుగా తెలుసుకోవాలనుకునేవాళ్లకు ఇది సరిపోతుంది. ప్రతి వారాంతం రీజనల్ పోటీలకు విమానాలెక్కి తొమ్మిదేసి రౌండ్లు ఆడేవాళ్లకు ఆ వెతుకులాట, ఆ కలపడం అలసట తెస్తాయేమో, వాళ్ల సంగతి నేను చెప్పలేను. మీ లీగులో బడ్యూ ఎక్కువగా కనిపిస్తుంటే టెక్నికల్ మెషీన్ ఎవల్యూషన్ లేకుండా ఈ డెక్ తీసుకెళ్లకండి. నేనైతే వచ్చే వారానికి రెండో టెక్నికల్ మెషీన్ పెడదామని చూస్తున్నాను. దానికోసం ఒక క్యాండీ తీయాలా, ఉన్న ఒక్క కౌంటర్ క్యాచర్ తీయాలా అన్నది ఇంకా తేలలేదు.