రల్లీ బొంతలు కొనేవాళ్లు జాగ్రత్త, ఫోటో చూసి నాలా పడిపోకండి

పోయిన డిసెంబరులో జైసల్మేర్ వెళ్లినప్పుడు కోట దగ్గర ఒక కొట్లో రల్లీ కొన్నాను. డబుల్ కాట్ సైజు, 4,800 రూపాయలు. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. కానీ చలికాలం సెలవులకు మనవాళ్లు చాలామంది అటే వెళ్తున్నారు కదా, అందుకే రాస్తున్నా.

రల్లీ అంటే మన బొంతకు అక్కలాంటిది. సింధ్ (ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉంది), థార్ ఎడారి, గుజరాత్‌లోని కచ్ ప్రాంతాల ఆడవాళ్లు పాత బట్టలు పొరలుగా పరిచి, పైన రంగు ముక్కలు అతికి, వరసలు వరసలుగా చేత్తో కుడతారు. ఆడపిల్ల పెళ్లికి సారెలో పెడతారు. 1971 యుద్ధమప్పుడు సింధ్ నుంచి రాజస్థాన్‌లోని బార్మేర్ వైపు వచ్చేసిన కుటుంబాలు ఈ పనిని కూడా వెంట తెచ్చుకున్నాయి.

కొట్టతను ముందు బొంత చూపించలేదు, ఒక ముసలమ్మ ఫోటో చూపించాడు. మోచేయి దాటి భుజం దాకా తెల్లగాజులు, తలమీద ఎర్ర ఓఢ్నీ (ముసుగు), ముఖం నిండా ముడతలు. "ఈవిడే కుట్టింది, ఆరు నెలలు పట్టింది, సగం డబ్బు ఆవిడకే" అన్నాడు. నాకు మా అమ్మమ్మ కళ్లముందు కదిలింది. ఇంకేం, బేరం కూడా ఆడలేదు. పైగా ఆ ఫోటో పెద్ద ప్రింటు ఇంకో 900 పెట్టి ఫ్రేముతో సహా తెచ్చుకున్నా!

ఇంటికొచ్చాక మా అత్తయ్య దాన్ని తిరగేసి, "ఇది మిషన్ కుట్టే అమ్మాయ్" అనేసింది. చేతికుట్టులో కుట్టుకీ కుట్టుకీ మధ్య ఖాళీ ఉంటుంది, చెయ్యి అలిసిన చోట వరస కాస్త వంకర పోతుంది. దీనికి గీత గీసినట్టు దారం ఏకధాటిగా ఉంది. ముక్కల అంచుల్ని గోటితో గీరితే మడతే తగల్లేదు. అవి అతుకులు కావు, ప్రింటు. లోపల పాత బట్ట ఉంటే బరువు తెలుస్తుంది, ఇది నొక్కితే స్పంజిలా ఉబ్బింది. మొదటి ఉతుకులోనే ఎరుపు దిగి, కూడా వేసిన తెల్ల దుప్పటి గులాబీ రంగైంది.

మిషన్‌ది మిషన్‌దని చెప్పి 1,200కి ఇస్తే నాకేం గొడవ లేదు.

అసలు కడుపుమంట తర్వాత మొదలైంది. ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో ఒక ఎగ్జిబిషన్‌కి వెళ్తే, ఇంకో స్టాల్లో అదే ముసలమ్మ! ఈసారి పేరు వేరు, ఊరు కచ్. ఫోటో కింది మూల వాటర్‌మార్కు (ఫోటో ఎవరిదో తెలిపే ముద్ర) సగం తెగి ఉంది. ఇంటికొచ్చి నా ఫ్రేము చూస్తే దానికీ అదే మూల, అదే సగం. ఎవరో తీసిన ఫోటోని నెట్‌లోంచి దింపి ప్రతి బొంతకీ తగిలిస్తున్నారన్నమాట. తన మొహం చూపించి వ్యాపారం చేస్తున్నారని పాపం ఆవిడకు తెలుసో లేదో.

కొట్టుకి ఫోన్ చేశా. "బిల్లు చూడండి మేడం" అన్నాడు. బిల్లు మీద ఉన్నది "బెడ్ కవర్ - 1". అంతే. మీరు కొంటే "చేతికుట్టు, కాటన్" అని బిల్లులో రాయమనండి. రాయడానికి నసిగితే బొంత అక్కడే మడతపెట్టేసి బయటికొచ్చేయండి.