ధర పెంచాలా, కాపలా పెంచాలా? ఇరాక్ చమురు దొంగరవాణాకు ఏది మందు

ఇరాక్ చమురు దొంగరవాణా అనగానే మనకు గుర్తొచ్చేది 2014 తర్వాతి ఐసిస్. నిజానికి అంతకు పదేళ్ల ముందే అక్కడ ఈ దందా మూడు పువ్వులు ఆరు కాయలుగా సాగింది. ఆపడానికి రెండు దారులు పట్టారు. ఒకటి బంకుల్లో ధర పెంచడం, రెండోది రిఫైనరీలు, రేవుల దగ్గర తుపాకులు పెట్టడం. నా ఓటు మొదటిదానికే, కానీ ఒక షరతు ఉంది.

ముందు లెక్క చూద్దాం. 2005లో ఇరాక్‌లో సర్కారు సబ్సిడీ వల్ల మామూలు పెట్రోలు లీటరు 20 దినార్లు. అప్పట్లో డాలరుకు సుమారు 1,470 దినార్లు. 30 వేల లీటర్ల ట్యాంకరు నింపితే 6 లక్షల దినార్లు, అంటే దాదాపు 400 డాలర్లు. సరిహద్దు దాటించి లీటరు అర డాలరుకే వదిలించుకున్నా చేతికి 15 వేల డాలర్లు వస్తాయి. టర్కీ బంకుల్లో రేటు దానికి రెట్టింపు పైనే! దారిలో నాలుగు చెక్‌పోస్టుల్లో వెయ్యేసి డాలర్లు పంచినా ఓనరుకు నష్టం లేదు. ఇంకా ఘోరం ఏమిటంటే, సర్కారు డాలర్లు పోసి బయట కొన్న పెట్రోలు కూడా మళ్లీ దొంగదారిలో సరిహద్దు దాటేది.

ఇక కాపలా సంగతి. సద్దాం పడిపోయాక 2003లో అమెరికా వేసిన పాలక మండలిలోనే 25 సీట్లను షియాలకు 13, సున్నీ అరబ్బులకు 5, కుర్దులకు 5, తుర్క్‌మెన్లకు 1, అస్సిరియన్లకు 1 అని పంచారు. ఈ కోటా పద్ధతిని ఇరాకీలు ముహాససా అంటారు. తర్వాత మంత్రిత్వ శాఖలూ ఇలాగే పంపకానికి వచ్చాయి. శాఖ ఎవరికి దక్కితే అందులో ఉద్యోగాలు వాళ్ల మనుషులకు. దక్షిణాన చమురు రేవులున్న బస్రాలో షియా పార్టీ ఫదీలా గవర్నరు పదవి పట్టింది, చమురు కాపలా దళంలోనూ దానికి పలుకుబడి ఉండేది. 2006లో చమురు శాఖ దక్కడం లేదని మంత్రివర్గం బేరాల్లోంచి లేచి వెళ్లిపోయింది. ఉత్తరాన సున్నీ ప్రాంతమైన బైజీలో, దేశంలోకెల్లా పెద్ద రిఫైనరీ నుంచి కనీసం మూడో వంతు ఇంధనం బ్లాక్ మార్కెట్‌కు పోతోందని 2008లో అమెరికా సైనికాధికారుల అంచనా. ఆ డబ్బులో కొంత సాయుధ ముఠాలకు చేరేది. అక్కడ షియా, ఇక్కడ సున్నీ. రెండుచోట్లా కంచే చేను మేసింది.

బలప్రయోగం బొత్తిగా పనికిరాదని అనను. 2008 మార్చిలో ప్రధాని మాలికీ బస్రాకు సైన్యాన్ని పంపాక రేవుల మీద ముఠాల పట్టు సడలింది. కానీ లాభం అలాగే ఉంటే ఇవాళ ఒక ముఠా, రేపు ఇంకో ముఠా.

ధర పెంపుదీ నున్నటి దారేం కాదు. 2005 డిసెంబరు 15న ఎన్నికలు అయ్యాయో లేదో, కొన్ని రోజుల్లోనే ఇంధనం ధరలు ఐదు రెట్లు, కొన్ని రకాలవి ఇంకా ఎక్కువ పెంచేశారు. ఇరాక్ విదేశీ అప్పుల మాఫీకి అంతర్జాతీయ ద్రవ్య నిధి (ఐఎంఎఫ్)తో ఒప్పందం కావాలి, ఆ ఒప్పందానికి ఈ పెంపు కావాలి. జనం వీధుల్లోకి వచ్చారు. చమురు మంత్రి బహ్ర్ అల్ ఉలూమ్ పెంపును వ్యతిరేకిస్తే సెలవు మీద పంపారు, చివరికి ఆయన రాజీనామా చేశారు. అయినా పెంపు ఆగలేదు. తర్వాతి ఏళ్లలో లీటరు 450 దినార్లకు చేరింది. డాలరు 1,200 దినార్ల లెక్కన అదే ట్యాంకరు నింపడానికి 11 వేల డాలర్లకు పైనే కావాలి. అదే అర డాలరుకు అమ్మితే మిగిలేది నాలుగు వేలు కూడా ఉండదు. చెక్‌పోస్టుల్లో వెయ్యేసి పంచితే చేతి డబ్బు పడుతుంది.

ముడి చమురు బంకుల్లో అమ్మేది కాదు కాబట్టి దానికి మాత్రం ఈ మందు పనిచేయదు, ఎంత తోడారో కొలిచే మీటర్లు కావాలి. రోజుకు లక్ష నుంచి మూడు లక్షల బ్యారెళ్లకు లెక్క తేలడం లేదని 2007లో అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ చెప్పింది. అదంతా దొంగతనమే అనలేం, ఉత్పత్తిని ఎక్కువ చేసి రాసుకున్నదీ ఉండొచ్చు. కొలతే సరిగా లేనిచోట ఎవర్ని పట్టుకుంటాం?

ఇంతకీ నా షరతు. 1990లో ఆంక్షలు వచ్చినప్పటి నుంచి ఇరాక్‌లో పిండి, బియ్యం, చక్కెర, నూనె రేషన్‌లో ఇస్తున్నారు. దాదాపు ప్రతి కుటుంబం పేరూ రేషన్ డీలరు దగ్గర ఉండేది. ఆ జాబితా పట్టుకుని ముందు నెలే జనం చేతిలో నగదు పెట్టి, ఆ తర్వాత బంకులో ధర బోర్డు మార్చాల్సింది.