కాలేజీ ఫుట్‌బాల్ సీజన్ టికెట్లు: పాయింట్ల పద్ధతి ఎంతవరకు న్యాయం?

అమెరికాలో పెద్ద యూనివర్సిటీల ఫుట్‌బాల్‌కి సీజన్ టికెట్ (సీజన్‌లో సొంత మైదానంలో జరిగే మ్యాచ్‌లన్నిటికీ కలిపి ఒకే టికెట్) డబ్బు ఒక్కటే కడితే మంచి సీటు రాదు. మీకంటే ముందు ఎంతమంది ఎంచుకుంటారన్నది ప్రయారిటీ పాయింట్లు తేలుస్తాయి. లెక్క ఒక్కోచోట ఒక్కోలా ఉన్నా చూసేవి దాదాపు అవే: యూనివర్సిటీ క్రీడా విభాగానికి ఇప్పటిదాకా ఇచ్చిన మొత్తం విరాళం, ఈ ఏడాది విరాళం, ఎన్నేళ్లుగా వరసగా టికెట్లు కొంటున్నారన్నది.

సీటు ఎంచుకునే ఏర్పాటు వరకు మంచి మార్కులే వేయాలి. పాయింట్ల క్రమంలో టైమ్ స్లాట్ ఇస్తారు, ఆ వేళకి లాగినై మ్యాప్‌లో ఖాళీ సీటు పట్టుకోవాలి. స్లాట్ దాటితే పాయింట్లు ఎక్కడికీ పోవు, సీట్లు మాత్రం వెనకవాళ్లు తీసేసుకుంటారు. స్నేహితులతో కలిసి కూర్చోవాలంటే ముందే రూల్ చదవండి: కొన్నిచోట్ల గుంపులో అందరికంటే తక్కువ పాయింట్లున్నవారి స్లాటే అందరికీ వర్తిస్తుంది.

అసలు అన్యాయం పాయింట్లు ఇచ్చే తీరులో ఉంది. 100 డాలర్లకి ఒక పాయింట్, టికెట్ కొన్న ప్రతి ఏడాదికీ 2 పాయింట్లు అనుకుందాం. ఏటా 500 డాలర్లు ఇస్తూ 20 ఏళ్లు టికెట్లు కొన్నవారికి 100, దానికి 40 కలిపి 140 వస్తాయి. నిన్నగాక మొన్న వచ్చి ఒక్కసారే 15,000 డాలర్లు ఇచ్చినవారికి 150! జట్టు వరసగా ఓడిన ఏళ్లలో కూడా స్టాండ్స్ నింపినవాళ్లు వెనక్కి పోతారు. ఏడాదికి 2 బదులు 5 పాయింట్లు ఇస్తే ఈ లెక్క 200 అవుతుంది, విధేయతకి నిజంగా విలువ దక్కుతుంది.

రీసీటింగ్ ఇంకా బాధాకరం. అందరి సీట్లూ మళ్లీ పంచి, సెక్షన్‌వారీ తప్పనిసరి విరాళం పెంచినప్పుడు పాతవాళ్లు పై వరసలకి జరగాల్సివస్తుంది. 2025 జులై నుంచి యూనివర్సిటీలు ఆటగాళ్లకి నేరుగా డబ్బు చెల్లించవచ్చు, మొదటి ఏడాది పరిమితి ఒక్కో యూనివర్సిటీకి సుమారు 2.05 కోట్ల డాలర్లు. ఆ ఖర్చు ఎక్కడినుంచి వస్తుందో సీజన్ టికెట్ ఉన్నవాళ్లు గట్టిగా అడగాలి.

టాక్స్ సంగతి. సీటు హక్కు కోసం ఇచ్చే విరాళంలో 80 శాతానికి 2017 దాకా డిడక్షన్ ఉండేది, 2018 నుంచి లేదు. డోనర్ అడ్వైజ్డ్ ఫండ్ (దానాల కోసం ముందే డబ్బు వేసి, ఎవరికివ్వాలో తర్వాత సూచించే ఖాతా) నుంచి ఆ డబ్బు కట్టడానికీ వీల్లేదు.

అకౌంట్ ఒక్కరి పేరు మీదే ఉంటే, ఆ మనిషి పోయాక పాయింట్లు ఎవరికి బదిలీ అవుతాయో రాతపూర్వకంగా తెలుసుకోండి. చాలాచోట్ల భార్యకో భర్తకో తప్ప పిల్లలకి అంత తేలిగ్గా రావు.