అమెరికా టికెట్: తేదీ కదపడం మేలా, ఎయిర్‌పోర్ట్ మార్చుకోవడం మేలా?

శంషాబాద్ నుంచి డాలస్‌కి రేటు చూసి గుండె గుభేలుమన్నవాళ్లంతా అడిగేది ఇదే: నాలుగు రోజులు ముందో వెనకో వెళ్లాలా, లేక ఢిల్లీ దాకా వేరే టికెట్ మీద వెళ్లి అక్కడ ఎక్కాలా?

ముందు తేదీ సంగతి. జులై ఆఖరు నుంచి ఆగస్టు మూడో వారం దాకా అమెరికా కాలేజీల ఫాల్ సెమిస్టర్‌కి వెళ్లే పిల్లల రద్దీ. జనవరి మొదట్లో సెలవులకొచ్చినవాళ్ల తిరుగు ప్రయాణాలు. ఈ రెండూ తప్పించుకున్నాక గూగుల్ ఫ్లైట్స్‌లో తేదీల గ్రిడ్ తెరవండి. వెళ్లే రోజులు ఒకవైపు, వచ్చే రోజులు ఇంకోవైపు, ప్రతి గడిలో రేటు. చాలామంది వెళ్లే తేదీ ఒక్కటే కదుపుతారు. రేటు పెంచేది తిరుగు తేదీ కూడా కావచ్చు, రెండూ కదపాలి. వారాంతం కన్నా మంగళ, బుధవారాల్లో రేట్లు తరచుగా తగ్గుతాయి.

నలుగురికి కలిపి వెతికితే ఇంకో చిక్కుంది. ఎకానమీలోనే వేర్వేరు రేట్ల సీట్లుంటాయి; చవక రేటులో రెండే సీట్లు మిగిలితే నలుగురికీ ఆ పై రేటే చూపిస్తుంది. ఒక్కరికి, ఇద్దరికి విడిగా వెతికి చూడండి. తేడా ఎక్కువైతే రెండు పీఎన్ఆర్‌లుగా తీసుకోవచ్చు.

ఇక ఎయిర్‌పోర్ట్. ఢిల్లీ నుంచి రేటు నిజంగానే తక్కువ కనిపించవచ్చు, కానీ లెక్క తేలేది సామాను దగ్గర. అమెరికా టికెట్ మీద చాలా ఫేర్లలో 23 కిలోల బ్యాగులు రెండు (మరీ చవక ఫేర్‌లో ఒకటే ఉండొచ్చు, చూసుకోండి). విడిగా కొన్న డొమెస్టిక్ టికెట్ మీద మామూలుగా 15 కిలోలే. పచ్చళ్లు, పొడులు నింపిన 46 కిలోల్లో 31 కిలోలకు అదనంగా కట్టాలి, మనిషికి. పైగా ఢిల్లీలో బ్యాగులు తీసుకుని, టెర్మినల్ 1లో దిగితే టెర్మినల్ 3కి చేరి, మళ్లీ చెక్ఇన్ చేయాలి. మొదటి విమానం ఆలస్యమై రెండోది వెళ్లిపోతే ఆ రెండో ఎయిర్‌లైన్‌కి బాధ్యత లేదు. పెద్దవాళ్లు ఒంటరిగా వెళ్తుంటే ఈ దారి అసలు వద్దు.

గన్నవరం నుంచైనా, విశాఖ నుంచైనా అంతా ఒకే టికెట్ అయితే ఈ బాధ లేదు. బ్రౌజర్‌లో ఇన్‌కాగ్నిటో (హిస్టరీ దాచుకోని) విండో తెరిచి వెతికితే రేటు తగ్గుతుందని కొందరంటారు, దానివల్ల ఒరిగేదేమీ లేదు.

సెలవు ఖాయం కాలేదని తేదీ దగ్గర తటపటాయిస్తుంటే ఒక వెసులుబాటుంది. అమెరికా ప్రయాణానికి ఏడు రోజులో అంతకన్నా ముందో నేరుగా ఎయిర్‌లైన్ దగ్గర బుక్ చేస్తే, 24 గంటల్లో జరిమానా లేకుండా రద్దు చేసుకోనివ్వాలి, లేదా డబ్బు కట్టకుండానే ఆ రేటు 24 గంటలు పట్టి ఉంచాలి. అది అమెరికా రవాణా శాఖ నిబంధన. గ్రిడ్‌లో మంచి గడి దొరికితే టికెట్ పట్టేసి, ఆఫీసులో సెలవు సంగతి మర్నాటికల్లా తేల్చుకోవచ్చు.